టీపాయ్‌కి టీతో పనిలేదు: ఇంగ్లీషు మాటల పుట్టుక వెతకడం ఎలా

పోయిన దసరాకి మా బామ్మర్ది వాళ్లు మా ఇంటికొచ్చారు. వాడి కూతురు ఏడో తరగతి. సోఫాలో వెనక్కి వాలి, టీపాయ్ మీద కాళ్లు చాపుకుని, "మామయ్యా, దీన్ని టీపాయ్ అని ఎందుకంటారు?" అని అడిగింది. టీ కప్పులు పెట్టుకుంటాం కాబట్టి, అన్నాను టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. "మరి పాయ్ అంటే?" అంది. నా దగ్గర జవాబు లేదు. వంటింట్లోంచి మా ఆవిడ, "పాయా అంటే కాళ్లు కదండీ, చలికాలం వస్తే చాలు పొద్దున్నే వెళ్లి జుర్రుకొస్తారుగా" అని వెటకారం చేసింది.

తీరా రాత్రి ఫోన్లో చూస్తే ఆవిడ వెటకారమే నిజం. హిందుస్తానీలో తిపాయి అంటే మూడు కాళ్లది. తి అంటే మూడు, పాయ్ ఫార్సీ మాట, కాలు అని అర్థం. మనం ముక్కాలిపీట అంటాం చూడండి, సరిగ్గా అదే. ఇక్కడికొచ్చిన ఇంగ్లీషువాళ్లు ఆ మాట విని, అందులోని తి తమకు బాగా అలవాటైన టీయే అనుకుని స్పెల్లింగులో టీ దూర్చేశారు, ఆ స్పెల్లింగు మళ్లీ మన హాల్లోకే తిరిగొచ్చింది, ఇప్పుడు మనం కూడా అది టీ బల్ల అనే అనుకుంటున్నాం. పైజామాలో పై కూడా ఈ పాయే, కాళ్లకి తొడుక్కునే జామా. అన్నట్టు మా టీపాయ్‌కి నాలుగు కాళ్లు.

అప్పట్నుంచి ఈ పిచ్చి పట్టుకుంది నాకు. రోజూ ఒక ఇంగ్లీషు మాట పట్టుకుని అదెక్కణ్నుంచి వచ్చిందో వెతకడం. నేను భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ని కాదు, అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తాను, నాకొచ్చిన విద్యల్లా ప్రతి ఎంట్రీకీ ఓచర్ ఎక్కడని అడగడమే. మాటల దగ్గర కూడా అదే పనికొచ్చింది. ఎవరి నోట్లోంచి ఎవరి నోట్లోకి వచ్చింది, ఎప్పుడొచ్చింది, దారిలో ఎక్కడ ఆగింది, దీనికి కాగితం ఉందా. ఇవి అడిగితే సగం కథలు అక్కడికక్కడే రాలిపోతాయి. మీకూ సరదా ఉంటే ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ బోల్తా పడతారో చెప్తాను. నేను అన్ని చోట్లా పడ్డాను కాబట్టి గుంటలు బాగా తెలుసు.

ముందు ఊహ, తర్వాత ఫోను

పాత నోట్‌బుక్ ఏదైనా తీసుకోండి. మాట గుర్తుకు రాగానే వెతికేయకండి, ముందు అది ఎలా పుట్టి ఉంటుందని మీకనిపిస్తుందో ఒక్క లైను రాయండి. ఇది చిన్నపిల్లల పనిలా ఉంటుంది కానీ రాయకపోతే జవాబు చూశాక "ఆఁ, నేనూ అదే అనుకున్నా" అనేస్తాం, మనం ఎక్కడ తప్పటడుగు వేశామో మనకే తెలియదు.

నా నోట్‌బుక్ మొదటి పేజీలో హ్యాంబర్గర్ పక్కన "హ్యామ్, అంటే పంది మాంసం" అని ఉంది. తప్పు. జర్మనీలో హాంబర్గ్ అనే ఊరి పేరు మీద వచ్చింది అది, హాంబర్గ్ వాళ్లది అని అర్థం. జనం కూడా నాలాగే దాన్ని తప్పు చోట విరిచి, బర్గర్ అనే ముక్కని విడిగా వాడుకుంటే, అదే చీజ్ బర్గర్, వెజ్ బర్గర్ అయి కూర్చుంది. దాని కిందే హెలికాప్టర్. హెలి, కాప్టర్ అని విరిచాను. అసలు విరవాల్సింది హెలికో, ప్టెర్ అని. మొదటిది గ్రీకులో మెలిక, చుట్టు తిరిగేది. రెండోది రెక్క. సంస్కృతంలో పత్రం అంటే ఆకే కాదు, రెక్క కూడా, ఈ ప్టెర్ దానికి దగ్గరి చుట్టం. కాబట్టి మాటని విరవడం మంచి అలవాటే, కానీ కీలు ఎక్కడుందో చూసి విరవాలి, మనకి తెలిసిన ముక్క కనిపించిన చోట కాదు.

పెద్ద పెద్ద మాటలతో మొదలుపెట్టకండి. ఫిలాసఫీ, డెమోక్రసీ లాంటివి చాలావరకు గ్రీకు, లాటిన్ ముక్కలు అతికించినవే, ఒకటి చూస్తే పది చూసినట్టే. ఇంట్లో ఉన్నవి, వంటింట్లో ఉన్నవి, బస్సులో కనబడేవి పట్టుకోండి.

ఎక్కడ చూడాలి, చూసింది ఎలా చదవాలి

ఫోన్లో అయితే ఎటిమ్ఆన్‌లైన్. డగ్లస్ హార్పర్ అనే అమెరికన్ మొదలుపెట్టిన సైటు, డబ్బు కట్టక్కర్లేదు, నా పనిలో ముప్పాతిక భాగం అక్కడే అయిపోతుంది. మన దేశం నుంచి వెళ్లిన మాటలకైతే హాబ్సన్ జాబ్సన్ చూడండి. యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు కూర్చిన నిఘంటువు, 1886 లో వచ్చింది, అప్పట్లో తెల్లవాళ్లు ఇక్కడ మాట్లాడిన కలగాపులగం ఇంగ్లీషు అంతా అందులో ఉంటుంది. తెలుగు వైపు సి.పి. బ్రౌన్ ఉన్నాడు, 1852 నాటి నిఘంటువు. బ్రౌన్‌తో ఒక సుఖం ఏంటంటే పదం పక్కనే ఇది సంస్కృతమా, అచ్చ తెలుగా, హిందుస్తానీయా అని గుర్తు వేస్తాడు. ఆంధ్రభారతి సైటులో వెతికితే బ్రౌన్‌తో పాటు మిగతా తెలుగు నిఘంటువులు కూడా ఒకేసారి చూపిస్తుంది. కాగితం వాసన కావాలనుకునేవాళ్లు ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి వెళ్లండి, పాత డిక్షనరీలు దొరుకుతాయి, కొనేముందు పదాల పక్కన చదరపు బ్రాకెట్లలో పుట్టుక ఇచ్చాడో లేదో చూసుకుని బేరమాడండి, స్కూలు పిల్లల డిక్షనరీల్లో అది ఉండదు.

ఇప్పుడు ఎంట్రీ చదవడం. విండో తీసుకుందాం. మొదట కనబడేది కాలం, 1200 ప్రాంతం అని. అంటే ఆ మాట ఆ ఏడాది పుట్టిందని కాదు, ఇప్పటిదాకా దొరికిన రాతల్లో అప్పుడు మొదటిసారి కనబడిందని. నోట్లో అంతకుముందే నలిగి ఉంటుంది. తర్వాత, పాత నార్స్ భాషలోని విందౌగ నుంచి వచ్చింది అని ఉంటుంది. విందర్ అంటే గాలి, ఔగ అంటే కన్ను. గాలి కన్ను. నార్స్ వైకింగుల భాష, వాళ్లు ఇంగ్లండు మీద పడి దోచుకున్నారు, ఆపైన అక్కడే కాపురాలు పెట్టారు, ఆ కాపురాల్లోంచి ఇలాంటి ఇంటిమాటలు ఇంగ్లీషులోకి దిగాయి. అంతకుముందు ఇంగ్లీషులో కిటికీకి వేరే మాట ఉండేది, దాని అర్థం కంటి రంధ్రం.

ఇది చదువుతుంటే నాకు గవాక్షం గుర్తొచ్చింది. గో, అక్షం. ఆవు కన్ను. మనవాళ్లూ కన్నే అన్నారు! కానీ గవాక్షంలోంచి విండో రాలేదు, విండోలోంచి గవాక్షం రాలేదు, గోడకి బొక్క పెట్టిన ప్రతివాడికీ విడివిడిగా కన్నే తట్టింది, అంతే. అందులో కన్నుకి వాడిన మాటలు మాత్రం చుట్టాలే, ఔగ, ఇంగ్లీషు ఐ, మన అక్షి. పోలిక వేరు, పుట్టుక వేరు అన్నది నాకు ఈ ఒక్క మాటతో బుర్రకెక్కింది.

ఎంట్రీల్లో ఇంకో రెండు గమనించండి. బహుశా అనో, పుట్టుక తెలియదు అనో రాసి ఉంటే దాన్ని దాటేయకండి, మంచి నిఘంటువు తెలియనప్పుడు తెలియదనే చెప్తుంది, వాట్సాప్ మాత్రం ఎప్పుడూ చెప్పదు. గోడౌన్ చూడండి, పోర్చుగీసువాళ్ల ద్వారా మలయ్ భాష నుంచి వచ్చిందని రాసి, దాని వెనక బహుశా తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు ఉండొచ్చు అంటారు. ఆ బహుశా తీసేసి "గోడౌన్ మన తెలుగు మాటే" అని స్టేటస్ పెట్టుకోకండి, నేను పెట్టి తీసేశాను. రెండోది, కొన్ని రూపాల ముందు చుక్క గుర్తు ఉంటుంది, ఆస్టరిస్క్. అంటే ఆ రూపం ఏ రాతలోనూ దొరకలేదు, పండితులు లెక్క కట్టి ఇలా ఉండి ఉంటుందని పెట్టుకున్నది. ఆస్టరిస్క్ అంటే చిన్న నక్షత్రం. డిజాస్టర్‌లో ఉన్నదీ ఆ నక్షత్రమే, చెడు నక్షత్రం అని. మనం గ్రహపాటు అంటాం.

అప్పు తెచ్చుకున్న మాటా, చుట్టరికమా

మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. సెప్టెంబర్ అంటే సప్త అంబరం, అక్టోబర్ అంటే అష్ట అంబరం, ఇంగ్లీషువాళ్లు నెలల పేర్లు కూడా మన దగ్గర కొట్టేశారు అని. నేను దండం బొమ్మ పెట్టి ఇంకో రెండు గ్రూపులకి పంపాను కూడా. తర్వాత ఓచర్ అడిగితే ఏం తేలిందంటే, రోమన్ల పాత క్యాలెండర్ మార్చితో మొదలయ్యేది. అప్పుడు జూలై స్థానంలో ఉన్న నెల పేరు క్వింటిలిస్, అయిదోది. ఆగస్టుది సెక్స్‌టిలిస్, ఆరోది. సెప్టెంబర్ ఏడోది, లాటిన్‌లో సెప్తెమ్ అంటే ఏడు. జనవరి, ఫిబ్రవరి ముందుకొచ్చి కూర్చున్నాక లెక్క తప్పింది, పేర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. అంబరం ఎక్కడా లేదు.

మరి సప్త, సెప్తెమ్ అంత దగ్గరగా ఎందుకున్నాయి? కొట్టేయడం వల్ల కాదు, ఒకే తాత మనవలు కాబట్టి. 1786 లో కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ అనే ఇంగ్లీషాయన ఈ సంగతి గట్టిగా చెప్పాడు, సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఏదో ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని. 1822 లో యాకోబ్ గ్రిమ్ అనే జర్మన్ పండితుడు దీనికి లెక్క కట్టి చూపించాడు. సంస్కృతంలో, లాటిన్‌లో ప ఉన్న చోట ఇంగ్లీషులో ఫ వస్తుంది: పితృ, ఫాదర్. పాదం, ఫుట్. ద ఉన్న చోట ట వస్తుంది: దంతం, టూత్. దశ, టెన్. ద్వి, టూ. ఒకటి రెండు మాటల్లో అయితే కాకతాళీయం అనుకోవచ్చు, వరసపెట్టి వస్తుంటే అది చుట్టరికం. నాకిది రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ లాగా ఉంటుంది, ఒక్క ఎంట్రీ కలిస్తే కాదు, వరసంతా కలవాలి.

అప్పు అలా కాదు. దానికి దారి ఉంటుంది, మధ్యలో ఆగిన ఊళ్లు ఉంటాయి. సంస్కృతంలో శర్కర, ఫార్సీలో షకర్, అరబ్బీలో సుక్కర్, లాటిన్, ఫ్రెంచి మీదుగా షుగర్. సరుకుతో పాటు పేరు ప్రయాణం చేసింది. మన చక్కెర కూడా ఆ శర్కర బిడ్డే. క్యాండీ వెనక ఖండం ఉంది, అంటే గడ్డకట్టిన చక్కెర ముక్క. నారంగం అలాగే పడమరకి వెళ్లి నారంజ్ అయి, ఫ్రెంచిలో మొదటి న పోగొట్టుకుని ఆరెంజ్ అయింది. మన నారింజ ఆ న ని జాగ్రత్తగా దాచుకుంది. ఇంకో తమాషా, పిప్పలి నుంచి పెప్పర్ వచ్చింది, కానీ మన పిప్పళ్లు వేరు, పెప్పర్ అని వాళ్లనే మిరియాలు వేరు. పేరు ఒకదానిది, సరుకు ఇంకోటి.

ఇంట్లో ఈ తేడా పట్టుకోవడానికి నేను వాడే గుర్తు: అంకెలు, అమ్మానాన్నలు, కాళ్లు చేతులు లాంటి మాటలు కలిస్తే చుట్టరికం అనుమానించండి, తినేవి, కట్టుకునేవి, అమ్మేవి కలిస్తే అప్పు అనుమానించండి. అనుమానించమన్నాను, తీర్పు నిఘంటువుది.

ఇక్కడ తెలుగువాళ్లం ఒకటి గుర్తుపెట్టుకోవాలి. దంతం, పాదం సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్నవి. మన సొంత మాటలు పన్ను, కాలు, ఏడు, పది. వీటికీ ఇంగ్లీషుకీ ఏ చుట్టరికమూ లేదు, తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని 1816 లోనే మద్రాసులో ఎల్లిస్ అనే దొర చూపించాడు. మనకి లాభం ఏంటంటే రెండు తాళాల గుత్తులూ మన దగ్గరే ఉన్నాయి, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఉర్దూ పుణ్యమా అని ఫార్సీ, అరబ్బీల గుత్తి కూడా. నష్టమూ అక్కడే. తాళాలు ఎక్కువున్నవాడికి ప్రతి తలుపూ తనదే అనిపిస్తుంది.

క్యాష్ అనగానే నాకు కాసు గుర్తొచ్చింది, ఊహ రాసేశాను కూడా. చూస్తే డిక్షనరీలో క్యాష్ రెండు విడి ఎంట్రీలుగా ఉంది. ఒకటి పాత చిల్లర నాణెం పేరు, అది నిజంగానే కాసు నుంచి పోర్చుగీసు మీదుగా వెళ్లింది, ఇప్పుడెవరూ వాడరు. మనం రోజూ అనే క్యాష్ మాత్రం ఫ్రెంచిలో పెట్టె అనే మాట నుంచి వచ్చింది. అంటే గల్లాపెట్టె! క్యాషియర్ అంటే గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు. ఒకే స్పెల్లింగుకి ఒకటి, రెండు అని నంబర్లు వేసి ఉంటే రెండూ చదవండి, మనకి నచ్చింది చదివి ఆగిపోవద్దు.

మరీ చక్కగా ఉన్న కథని నమ్మకండి

న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అని మా స్కూల్లో మాస్టారు చెప్పారు, పరీక్షలో కూడా రాశాం. కాదు. న్యూ కి బహువచనం, కొత్తవి, కొత్త సంగతులు, అంతే. టిప్ అంటే టు ఇన్ష్యూర్ ప్రాంప్ట్‌నెస్ అట. అదీ కాదు, దొంగల పరిభాషలో చేతికివ్వడం అనే అర్థంలో ఉండేది. పాష్ కథ మన దేశానికే ముడిపెట్టి ఉంటుంది, ఇంగ్లండు నుంచి ఇండియాకి ఓడలో వచ్చేటప్పుడు ఎడమ వైపు, తిరిగి వెళ్లేటప్పుడు కుడి వైపు ఎండ తగలని గదులు ధనవంతులకి ఇచ్చి టికెట్ మీద పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్ అనే మాటల పొడి అక్షరాలు కొట్టేవాళ్లని. వినడానికి ఎంత బాగుందో. అలాంటి ముద్ర ఉన్న టికెట్ ఒక్కటీ దొరకలేదు.

పొడి అక్షరాలు కలిపి మాట చేసే అలవాటు ఇరవయ్యో శతాబ్దానికి ముందు చాలా అరుదు. కాబట్టి పాత మాటకి ఎవరైనా పొడి అక్షరాల కథ చెప్తే ముందు అది అబద్ధమనే అనుకోండి. ఓకే ఒక్కటి నిజం. 1839 లో బోస్టన్ పత్రికల్లో ఆల్ కరెక్ట్ అనే మాటని కావాలనే ఓల్ కొరెక్ట్ అని, ఓ తో, కె తో తప్పు స్పెల్లింగులో రాసి, దానికి పొడి అక్షరాలు పెట్టి నవ్వుకునేవాళ్లు, అలాంటి జోకులు అప్పట్లో ఫ్యాషన్. మరుసటి ఏడాది 1840 ఎన్నికల్లో అమెరికా అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ మనుషులు ఆయన సొంతూరు కిండర్‌హుక్ పేరు మీద ఓల్డ్ కిండర్‌హుక్ అంటూ అదే అక్షరాలు వాడుకున్నారు, మాట నిలబడిపోయింది. దీన్ని 1960 ల్లో అలెన్ వాకర్ రీడ్ అనే భాషా పండితుడు పాత పేపర్లు తిరగేసి తేల్చాడు. ఓచర్ అంటే అలా ఉండాలి.

నా పెద్ద తప్పు శాలరీది. మా ఆఫీసులో ఒక పెద్దాయన రిటైర్మెంట్ ఫంక్షన్‌లో మైకు పట్టుకుని, రోమన్ సైనికులకి జీతం ఉప్పు రూపంలో ఇచ్చేవాళ్లు, అందుకే శాలరీ, మనమంతా ఈ ఆఫీసు ఉప్పు తిన్నవాళ్లం అని చెప్పాను, చప్పట్లు కూడా పడ్డాయి. లాటిన్‌లో సలారియుమ్ అనే మాటకి ఉప్పుతో సంబంధం ఉన్నది నిజమే. సైనికులకి జీతంగా ఉప్పు కొలిచి ఇచ్చారనడానికి మాత్రం పాత రాతల్లో ఆధారం లేదు. ఉప్పు తిన్న విశ్వాసం అనే మాట మన ఇళ్లలో ఉంది కాబట్టి ఆ కథ మనకి ఇంకా తొందరగా ఎక్కుతుంది, అదీ సంగతి.

ఇప్పుడు చాలామంది ఏఐ ని అడుగుతున్నారు. అడగండి, తప్పులేదు, కానీ అది చెప్పిన కాలం, మధ్యలో చెప్పిన భాషల పేర్లు నిఘంటువులో సరిచూసుకోండి. అబద్ధం కూడా నిజమంత ధీమాగా చెప్తుందది, మా మేనమామలాగా.

అర్థం జారిపోతుంది, కంగారు పడకండి

నైస్ అంటే మొదట్లో తెలివితక్కువ. లాటిన్‌లో నెస్కియుస్, ఏమీ తెలియనివాడు. అక్కణ్నుంచి మరీ సుకుమారమైన, ఆపైన లోతుగా చూసే, చివరికి బాగుంది అనే దాకా వచ్చింది. సిల్లీ ఉల్టా, దీవెన పొందినవాడు అనే చోట మొదలై అమాయకుడై, జాలిపడాల్సినవాడై, ఇప్పుడు వెర్రివాడు. మీట్ అంటే ఏ తిండైనా. డీర్ అంటే ఏ జంతువైనా, ఆ తర్వాతే జింక. మృగం చూడండి, సంస్కృతంలో జంతువు, జింక రెండూ, మనకి మాత్రం క్రూరమృగం.

ఇది వింతగా అనిపిస్తే మన మాటలే చూసుకోండి. కంపు ఒకప్పుడు మంచి వాసన, పక్కనే కన్నడంలో ఇప్పటికీ అంతే. చీర ఒకప్పుడు బట్ట, మగవాళ్లు కూడా కట్టుకునేవాళ్లు. నూనె అంటే నువ్వుల నెయ్యి, ఇప్పుడు పల్లీ నూనె, కొబ్బరి నూనె, ఆఖరికి ఇంజన్‌లో పోసేది కూడా నూనే. అందుకే పుట్టుక తెలిసింది కదా అని "నైస్ అంటే అసలు అర్థం బుద్ధిహీనుడు, నన్ను నైస్ అనకు" అని ఎవరితోనూ వాదనకి దిగకండి. పల్లీ నూనెలో నువ్వులు వెతికినట్టుంటుంది.

ఒక పూట ఊరు తిరగండి

ఇంట్లో కూర్చుని మాటలు తోచకపోతే నోట్‌బుక్ జేబులో పెట్టుకుని సిటీ బస్సెక్కండి. బస్సుతోనే మొదలుపెట్టండి. లాటిన్‌లో ఓమ్నిబుస్ అంటే అందరి కొరకు. జనం ముందు ముక్క వదిలేసి చివర ముక్క పట్టుకున్నారు. ఆ చివర ముక్కకి విడిగా అర్థమే లేదు, అది ఉత్త ప్రత్యయం. కొరకున్, కై, చతుర్థీ విభక్తి అని బడిలో వల్లె వేశాం చూశారూ, ఆ కొరకు అన్నమాట. సర్వేభ్యః లో భ్యః దాని చుట్టమే. అంటే కోఠీలో మనం "కొరకు" ఎక్కి "కొరకు" దిగుతున్నాం.

కండక్టర్ ఇచ్చే టికెట్, మర్యాదలు అనే అర్థంలో వాడే ఎటికెట్, రెండూ ఒకే ఫ్రెంచి మాట, అంటించిన చీటీ. మెట్రో అయితే తల్లి. మెట్రోపొలిస్, తల్లి నగరం, మేటర్ మన మాతృకి చుట్టం. లండన్‌లో 1863 లో మెట్రోపాలిటన్ రైల్వే నడిచింది, పారిస్ వాళ్లు దాన్ని మెట్రో అని కురచ చేశారు, మనకి 2017 లో వచ్చింది.

ట్యాంక్ బండ్ దగ్గర దిగండి, ఇక్కడ కాసేపు ఆగాలి. నీళ్ల ట్యాంకు అనే మాట ఇంగ్లీషువాళ్లు మన దేశంలో, గుజరాతీ, మరాఠీల నుంచి ఎత్తుకున్నది, పోర్చుగీసు తాంకె కూడా అందులో కలిసిందంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండువాళ్లు ఉక్కు బండ్లు తయారు చేస్తూ, గుట్టు బయటపడకుండా నీళ్ల ట్యాంకులని చెప్పుకున్నారు, ఆ దొంగపేరే యుద్ధ ట్యాంకుకి ఖాయమైంది. ఇక బండ్. ఫార్సీలో బంద్ అంటే కట్టు, మనం చెరువు కట్ట అన్నట్టే. రేపు బంద్ అన్నప్పటి బంద్ అదే. సంస్కృతంలో బంధం దాని తోబుట్టువు, బంధువు అంటే కట్టుబడి ఉన్నవాడు, ఇంగ్లీషులో బైండ్, బాండ్ అదే వంశం. హుస్సేన్ సాగర్ కట్ట మీద నిలబడితే ఇన్ని మాటలు ఒక్క ముడిలో దొరుకుతాయి.

ఎండ దిగాక ఇరానీ హోటల్లో కూర్చోండి. చాయ్, టీ రెండూ చైనా మాటలే, నిజానికి అక్కడ రాతలో ఒకటే అక్షరం. ఒక చోట చా అని పలికారు, అది నేల దారిన ఫార్సీ మీదుగా చాయ్ అయి వచ్చింది. ఫుజియాన్ తీరంలో తే అని పలికారు, డచ్చివాళ్ల ఓడలెక్కి టీ అయింది. తేయాకులో ఉన్నది ఆ తే. పక్కన ఉస్మానియా బిస్కెట్ పెట్టుకోండి. బిస్ అంటే రెండుసార్లు, ద్వి కి చుట్టం. కోక్తుస్ అంటే వండినది, పక్వం అనే మాటకి చుట్టం. బిస్కెట్‌ని అక్షరం పొల్లు పోకుండా సంస్కృతంలోకి మారిస్తే ద్విపక్వం. వెయిటర్‌తో చెప్పి చూశాను. "ఔర్ కుఛ్?" అన్నాడు.

పక్కనే సెలూన్‌లో చంపీ చేయించుకుంటే షాంపూ అయిపోతుంది. చాంపో, అంటే నొక్కు, పిసుకు. 1762 నాటి ఇంగ్లీషు రాతలో షాంపూ అంటే ఒళ్లు పిసకడమే, తలంటు తర్వాతెప్పుడో వచ్చింది. ఉప్పల్‌లో మ్యాచ్ ఉంటే అంపైర్‌ని రాసుకోండి. పాత ఫ్రెంచిలో నాన్‌పెర్, సమం కానివాడు, ఇటూ అటూ కాని మూడోవాడు. ఇంగ్లీషులో నంపైర్ లాంటి మాటే ఉండేది, ముందున్న ఎ అనే ముక్క దాని న ని లాగేసుకుని ఆన్ అంపైర్ అయింది. ఏప్రాన్‌కి కూడా ఇదే గతి.

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెద్ద కన్నం పడింది, లిఫ్ట్ వైర్లు కొరికేశాయి. అసోసియేషన్ తరఫున పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిస్తే ఒక కుర్రాడొచ్చి రేటు కార్డు చేతిలో పెట్టాడు, అందులో బొద్దింకలకి ఇంత, చెదలకి ఇంత, ఆ కింద ఇంగ్లీషులో బ్యాండికూట్ అని, దానికి అన్నిటికంటే ఎక్కువ రేటు. సెక్రటరీ గారు "ఇదేంటయ్యా, ఏదో ఫారిన్ జంతువులా ఉంది" అన్నారు. ఆస్ట్రేలియాలో ఆ పేరుతో ఇంకో జంతువు ఉన్నమాట నిజమే, అక్కడికి వెళ్లిన తెల్లవాళ్లు ఇక్కడి పోలికతో దానికి ఆ పేరు పెట్టేశారు. నేను చెప్దామని నోరు తెరిచేలోపే మా వాచ్‌మన్ కార్డులోకి తొంగి చూసి, ఆ పేరు కుర్రాడి చేత ఇంకోసారి పలికించుకుని, "పందికొక్కే సార్, ఈయనకి తిరగట్లేదు నోరు" అన్నాడు. ఎటిమ్ఆన్‌లైన్‌లో కూడా అదే ఉంది, తెలుగు పందికొక్కు నుంచి, 1789.